స్లాబ్ పోయకముందే

చిట్టీ,

మీ కాకినాడ ఇంటి ప్లాను నాన్నగారు వాట్సాప్‌లో పంపారు. ఇల్లు ముచ్చటగా ఉంది. ఫ్యాన్లకు, ఏసీలకు, గీజర్లకు అన్నిటికీ గుర్తులు పెట్టారు గానీ, నెట్ వైరుకు ఒక్క పాయింటు కూడా కనబడలేదు. ఈ నెలాఖరుకే కింది స్లాబ్ పోస్తారట. ఫోన్లో చెబితే సగం మరిచిపోతావని ఉత్తరం రాస్తున్నాను. మీ ఎలక్ట్రీషియన్‌ని కూర్చోబెట్టి దీన్ని చదివి వినిపించు.

"ఇప్పుడంతా వైఫైయే కదా మావయ్యా, వైరెందుకు?" అంటావు. ఇనుప ఊచలున్న కాంక్రీటు స్లాబ్ దాటేసరికి వైఫై బాగా నీరసపడుతుంది. అందులోనూ వేగం ఎక్కువిచ్చే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కి గోడలంటేనే గిట్టదు. రౌటర్ కింద హాల్లో ఉంటే, పైగదిలో నువ్వు ఆఫీసు మీటింగులో కూర్చున్నప్పుడు మాట తెగిపోతూ ఉంటుంది. పై అంతస్తుకు వేరే వైఫై పెట్టె పెట్టుకోవడమే దీనికి మందు. ఆ పెట్టె గట్టిగా పనిచేయాలంటే దాని దాకా వైరు వెళ్లాలి. వైఫై బాగుండాలన్నా ముందు వైరే కావాలమ్మా.

అన్నిటికన్నా ముఖ్యం ఆ వైరు వెళ్లే పైపు. వైరు పాతబడితే లాగేసి కొత్తది వేసుకోవచ్చు. పైపు వేయకుండా స్లాబ్ పోసేశాక మాత్రం గోడలు పగలగొట్టాలి, లేదా రంగులు వేసిన గోడ మీద ప్లాస్టిక్ పట్టీలు కొట్టుకోవాలి. అందుకని డబ్బు చాలకపోతే వైరు కొనడం వాయిదా వేయి గానీ పైపు మానకు. 25 ఎం.ఎం. పైపు వేయించు, ఒక్కోదాంట్లో మూడు వైర్లకు మించొద్దు. పలచటి రకం తెస్తే, కాంక్రీటు పోసే రోజు కూలీల కాళ్ల కింద, వైబ్రేటర్ కింద చితికిపోతుంది. మందపాటిదే అడుగు. ఎల్బోలు వద్దు, మలుపులన్నీ పొడుగాటి బెండ్లతోనే తిప్పమను. రెండు మలుపులు దాటితే మధ్యలో ఒక జంక్షన్ బాక్సు పెట్టాలి. అతుకులకు సొల్యూషన్ పూయాలి, మూతులకు గుడ్డ కుక్కి టేపు చుట్టాలి, లేకపోతే సిమెంటు పాలు లోపలికి దిగి గడ్డకడతాయి. వైరు లాగకుండా ఖాళీగా ఉంచే ప్రతి పైపులోనూ నైలాను తాడు వదిలేయాలి.

కరెంటు పైపులోనే నెట్ వైరు కూడా దూర్చేద్దామని ఎవరన్నా అంటే ఒప్పుకోకు. ఏనాడైనా ఇన్సులేషన్ దెబ్బతింటే 230 వోల్టులు నెట్ వైరులోకి వస్తాయి. పక్కపక్కనే పోవలసి వస్తే రెంటికీ మధ్య అడుగు ఎడం ఉంచండి. అడ్డంగా దాటాల్సిన చోట నేరుగా, కూడలిలో రోడ్లు కలిసినట్టు దాటించండి.

వైర్లన్నీ ఒక్కచోటికే చేరాలి. ఒక గదిలోంచి ఇంకో గదికి గొలుసుగా లాగొద్దు. మెట్ల కింద అల్మారా బావుంటుంది, కానీ గాలి ఆడేలా తలుపుకి చిల్లులుండాలి. మీ ఊరి వేసవి ఉక్కలో మూసిపెట్టిన పెట్టెలో రౌటర్ ఉడికిపోతుంది. అక్కడ నాలుగు ప్లగ్గులు ఇన్వర్టర్ లైను మీద ఇప్పించు, కరెంటు పోయినా నెట్ పోదు. వీధి స్తంభం నుంచి ఫైబర్ వచ్చే దారికి రెండు పైపులు పెట్టించు, రేపు కంపెనీ మార్చుకున్నా ఇబ్బంది ఉండదు. అవి బయటివైపు కాస్త వాలుగా ఉండాలి, వాననీళ్లు లోపలికి రావు.

ఎక్కడెక్కడ పాయింట్లు? టీవీ వెనక రెండు, నీ పనిగదిలో రెండు, పడకగదికి ఒకటి. ప్రతి అంతస్తులో సీలింగు మధ్యన వైఫై పెట్టెకొకటి. గేటు కెమెరాకి, పెరటి కెమెరాకి ఒక్కొక్కటి. డాబా మీదికి ఖాళీ పైపు ఒకటి తప్పకుండా పోవాలి. సోలార్ పెట్టించుకుంటారట కదా, ఆ ఇన్వర్టర్‌కీ నెట్ కావాలి.

వైరు సంగతి. క్యాట్ 6 చాలు. సెకనుకు 1 గిగాబిట్ వేగాన్ని 100 మీటర్ల దాకా, 10 గిగాబిట్లను 55 మీటర్ల దాకా మోస్తుంది. మీ ఇంట్లో ఏ పాయింటుకీ అంత దూరం లేదు. క్యాట్ 6ఏ మంచిదే గానీ లావు, మొండి. దాని మీద పెట్టే డబ్బు ఇంకో నాలుగు పైపుల మీద పెట్టు.

కొనేటప్పుడు మాత్రం కళ్లు తెరుచుకుని కొను. చవకగా దొరికేవాటిలో చాలా వరకు అల్యూమినియం తీగకు పైన రాగి పూత ఉంటుంది, ఒక్కోసారి పెట్టె మీద సీసీఏ అని రాసి ఉంటుంది. తీగను బ్లేడుతో గీకి చూడు. లోపల తెల్లగా కనిపిస్తే తిప్పి పంపెయ్. కెమెరాలకూ వైఫై పెట్టెలకూ ఈ వైరులోంచే కరెంటు కూడా వెళుతుంది. అల్యూమినియమైతే వైరు ఎక్కువగా వేడెక్కుతుంది, కొసల దగ్గర పుటుక్కున తెగుతుంది. ఈ ఒక్క విషయంలో బేరమాడకు.

నా ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజీలోనే గడిచింది గనుక ఇంకొక మాట. నెట్ వైరు లోపలుండే ఎనిమిది తీగలూ జంటజంటగా మెలేసి ఉంటాయి. బయటి రొద మాటలో కలవకుండా ఉండటానికే ఆ మెలిక. గ్రాహం బెల్ 1881లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు, ఇవాళ్టి ఈ నెట్ వైరూ దాని మీదే నడుస్తోంది. కొసలు బిగించేటప్పుడు పనివాళ్లు తొందరలో రెండంగుళాలు విప్పేస్తారు. అరంగుళానికి మించి విప్పనివ్వకు. రెండు కొసల్లోనూ రంగుల వరస ఒకటే ఉండాలి. కొసలు బిగించాక, గోడలకు రంగులు వేసేలోపే టెస్టరు పెట్టి ప్రతి వైరులో ఎనిమిది తీగలూ పలుకుతున్నాయో లేదో చూపించమను, అప్పుడే కూలి డబ్బులివ్వు.

సెంట్రింగు మీద ఊచలు కట్టి, పైపులు పరిచిన రోజు సాయంత్రం కొలత టేపు పక్కన పెట్టి ఫోటోలు తీసి నాకు పంపు. కాంక్రీటు మరునాడే పోయించు, నేను చూసి చెప్పిన తర్వాత.

మీ మావయ్య