వ్యవసాయ సలహా వెబ్ పేజీలలో కదిలే అక్షరాలు: తెలుగు లిపికి తగిన వినియోగ విధానం

సారాంశం

రైతులకు వెబ్ పేజీల ద్వారా అందించే సలహాలలో అక్షరాలకు చలనం కల్పించడం సాధారణమైంది. చలనం చూపును ఆకర్షిస్తుంది. అయితే మోతాదు, నిషేధం, గడువు వంటి అంశాలను కదిలే వాక్యంలో ఉంచినప్పుడు అవి పాఠకునికి అసంపూర్ణంగా చేరే ప్రమాదం ఉంది. తెలుగు లిపి నిర్మాణం, తెలుగు వాక్యక్రమం ఈ ప్రమాదాన్ని మరింత పెంచుతాయి. చలన ప్రభావాల పనితీరు, వాటి పరిమితులు, సురక్షితంగా అమలు చేసే పద్ధతి ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

ముఖ్య పదాలు: విస్తరణ సేవలు, వెబ్ పేజీ, చలన అక్షరాలు, తెలుగు లిపి, యూనికోడ్

పరిచయం

వెబ్ పేజీలలో అక్షరాల చలనం కొత్త విషయం కాదు. 1990 దశకంలోనే నెట్‌స్కేప్ బ్రౌజరు మెరిసి ఆరే అక్షరాల కోసం ‘బ్లింక్’ను, మైక్రోసాఫ్ట్ బ్రౌజరు ప్రవహించే అక్షరాల కోసం ‘మార్క్యూ’ను ప్రవేశపెట్టాయి. ఫైర్‌ఫాక్స్ 2013లో బ్లింక్‌ను తొలగించింది. మార్క్యూను హెచ్‌టీఎంఎల్ ప్రమాణం కాలం చెల్లినదిగా ప్రకటించినప్పటికీ, అనేక బ్రౌజర్లలో అది నేటికీ పనిచేస్తుంది. అందువల్లనే ‘తాజా సమాచారం’ పట్టీలలో తరచుగా కనిపిస్తుంది. ప్రస్తుతం ఇటువంటి ప్రభావాలను సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ సహాయంతో రూపొందిస్తున్నారు. వీటిలో ప్రవాహం, మెరుపు, ఒక్కొక్క అక్షరం టైపు చేసినట్లు కనబడటం, నెమ్మదిగా ప్రత్యక్షమవడం ప్రధానమైనవి.

ప్రవహించే వాక్యం – చదివే సమయం

మార్క్యూ సహజ వేగం ప్రతి 85 మిల్లీసెకన్లకు 6 పిక్సెళ్లు, అనగా సెకనుకు సుమారు 70 పిక్సెళ్లు. ఫోను తెర వెడల్పు 360 పిక్సెళ్లు, సలహా పొడవు 1,440 పిక్సెళ్లు అనుకుంటే, వాక్యం పూర్తిగా దాటిపోవడానికి 1,800 పిక్సెళ్ల ప్రయాణం, అంటే సుమారు 25 సెకన్లు పడుతుంది. ఈ వ్యవధిలో ఏ పదమైనా తెరపై ఉండేది దాదాపు 5 సెకన్లు మాత్రమే. మోతాదు దగ్గర చూపు తప్పిన రైతు దానిని మరల చూడడానికి మిగిలిన సమయమంతా వేచి ఉండాలి. నిదానంగా కూడబలుక్కొని చదివే పాఠకునికి వాక్యం ఎన్నిసార్లు తిరిగినా అర్థం పూర్తి కాకపోవచ్చు.

వాక్యక్రమం వలన కలిగే ప్రమాదం

తెలుగులో క్రియ సాధారణంగా వాక్యం చివర వస్తుంది. నిషేధం కూడా ఆ క్రియలోనే ఉంటుంది. ‘వర్ష సూచన ఉన్నందున రేపటి వరకు పురుగు మందులు పిచికారీ చేయరాదు’ అనే సలహాలో చివరి పదం తెరపైకి రాకముందు కనబడేది పిచికారీ గురించిన మాట మాత్రమే. చేయాలా, మానాలా అన్నది ఆఖరి పదం వచ్చే వరకు తేలదు. మధ్యలో చూపు మరల్చిన పాఠకుడు విరుద్ధమైన అర్థాన్ని గ్రహించే అవకాశం ఉంది.

అంకెల విషయంలోనూ ఇదే పరిస్థితి. మొక్కజొన్నలో కత్తెర పురుగు నివారణకు ఇమామెక్టిన్ బెంజోయేట్ 5 ఎస్.జి. మందును లీటరు నీటికి 0.4 గ్రా. చొప్పున కలిపి ఆకు సుడులు తడిసేలా పిచికారీ చేయవలసిందిగా సూచిస్తారు. ఈ వాక్యం కుడి నుండి ఎడమకు కదిలి అంచు దాటే సమయంలో ముందుగా సున్న, దశాంశ బిందువు మరుగవుతాయి, ‘4 గ్రా. చొప్పున’ అన్న భాగం మిగులుతుంది. ఇది క్షణకాలమే. అయినా ఆ క్షణంలో తీసిన స్క్రీన్‌షాట్‌ను వాట్సాప్ బృందంలో పంపితే పదిరెట్ల మోతాదు పలువురికి చేరుతుంది. సలహాలు నేడు ఎక్కువగా ఈ విధంగానే చేతులు మారుతున్నందున ఈ అంశాన్ని ఉపేక్షించరాదు.

లిపి నిర్మాణం

ఆంగ్ల పేజీల కోసం తయారైన చలన ప్రభావాలు వాక్యాన్ని ఒక్కొక్క యూనికోడ్ సంకేతంగా విడదీస్తాయి. తెలుగులో ఒక అక్షరానికి పలు సంకేతాలు ఉండవచ్చు. ‘క్షేత్రం’ అనే పదంలో పలికే అక్షరాలు రెండే; సంకేతాలు మాత్రం ఎనిమిది. టైపు ప్రభావంలో ఇది క, క్, క్ష, క్షే, క్షేత, క్షేత్, క్షేత్ర, క్షేత్రం అని ఎనిమిది దశలలో రూపం మార్చుకుంటుంది. ‘మందు’ అనే పదం ఒక దశలో ‘మంద’గా కనబడుతుంది. ప్రతి సంకేతాన్నీ వేరు పెట్టెలో ఉంచి కదిలిస్తే గుణింతపు గుర్తులు, ఒత్తులు హల్లు నుండి విడిపోయి చుక్కల వలయంపై కనిపించవచ్చు.

జావాస్క్రిప్ట్‌లోని ‘ఇంటల్ సెగ్మెంటర్’ సదుపాయం అక్షర సముదాయాలను గుర్తిస్తుంది. సంయుక్తాక్షరాలను విడదీయకుండా ఉంచే నియమం తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు 2023లో వెలువడిన యూనికోడ్ 15.1తో చేరింది. పాత బ్రౌజర్లు పొల్లు వద్దనే విడదీస్తాయి. కావున తెలుగులో చలనానికి ప్రమాణంగా అక్షరాన్ని కాక, పూర్తి పదాన్ని లేదా పూర్తి వాక్యాన్ని స్వీకరించడం శ్రేయస్కరం.

అమలు విధానం

1. సలహా వాక్యాన్ని స్థిరంగా ఉంచాలి. చలనం శీర్షికకు, ‘కొత్తది’ వంటి గుర్తుకు పరిమితం కావాలి.

2. వాక్యం మొదటి నుండే పేజీలో పూర్తిగా ఉండాలి. జావాస్క్రిప్ట్ పనిచేయకపోయినా అది కనబడాలి. చలనం దానిపై అదనంగా చేరాలి. అప్పుడు తెర చదివే సాఫ్ట్‌వేర్ కూడా వాక్యాన్ని ముక్కలుగా కాక పూర్తిగా వినిపించగలదు.

3. స్థానం, పారదర్శకతలను మార్చే సీఎస్‌ఎస్ లక్షణాలనే వాడాలి. వెడల్పు, ఎత్తులను మారుస్తూ పోతే బ్రౌజరు పేజీ అమరికను పదేపదే లెక్కించవలసి వచ్చి, తక్కువ సామర్థ్యం గల ఫోనులలో చలనం తడబడుతుంది.

4. వరుస ఎత్తు తగినంత ఉండాలి. అంచులు కత్తిరించే ప్రభావాలలో కింది ఒత్తులు, పై గుడులు తెగిపోకుండా చూడాలి.

5. అంకెను, ప్రమాణాన్ని విడిపోని ఖాళీతో కలపాలి. ‘0.4’ ఒక వరుసలో, ‘గ్రా.’ మరో వరుసలో పడకూడదు.

6. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2008లో వెలువరించిన ప్రాప్యతా మార్గదర్శకాల ప్రకారం, తనంతట తాను మొదలై ఇతర సమాచారంతో పాటు 5 సెకన్లకు మించి సాగే చలనాన్ని ఆపే వీలు పాఠకునికి ఉండాలి. సెకనుకు మూడుసార్లకు మించిన మెరుపులు మూర్ఛ వ్యాధి ఉన్నవారికి హాని కలిగించగలవు కాబట్టి వాటిని విసర్జించాలి.

7. ఫోనులో ‘చలనం తగ్గించు’ అమరికను ఎంచుకున్న వారికి స్థిరమైన పేజీనే చూపాలి. దీనికి సీఎస్‌ఎస్‌లో ‘ప్రిఫర్స్ రెడ్యూస్డ్ మోషన్’ అనే షరతు ఉంది.

పరీక్షా విధానం

పేజీని విడుదల చేయకముందు విద్యార్థులు మూడు పరీక్షలు నిర్వహించవచ్చు. మొదటిది, చలనం సాగుతుండగా ముందుగా అనుకోని పది క్షణాలలో స్క్రీన్‌షాట్లు తీయడం. వాటిలో ఏ ఒక్కటైనా తప్పు మోతాదునో, తెగిన నిషేధాన్నో చూపితే ఆ రూపకల్పనను తిరస్కరించాలి. రెండవది, జావాస్క్రిప్ట్ ఆపి పేజీని తెరవడం. మూడవది, ఆ సలహాతో పరిచయం లేని పాఠకునికి పేజీని ఒక్కసారి చూపి, మందు పేరు, మోతాదు, చేయకూడని పని చెప్పమనడం. మూడింటికీ సరైన సమాధానం రానిచో లోపాన్ని పాఠకునిలో కాక పేజీలో వెతకాలి.

ముగింపు

సలహా పేజీలో చలనానికి ఉన్న పని పాఠకుని దృష్టిని సమాచారం వద్దకు చేర్చడం. అక్కడికి చేరిన తర్వాత చదవడానికి, మరల చూసుకోవడానికి, ఇతరులకు పంపడానికి వాక్యం నిలకడగా ఉండాలి. ఆకర్షణ కోసం చేసిన ఏర్పాటు మోతాదును మరుగుపరిస్తే, పరిశోధన స్థానంలో సరిగా నిర్ణయించిన సిఫారసు కూడా పొలంలో తప్పుగా అమలవుతుంది. కావున విస్తరణ శాస్త్రవేత్తలు సలహా పాఠాన్ని ఎంత జాగ్రత్తగా పరిశీలిస్తారో, అది తెరపై కనబడే తీరును కూడా అంతే జాగ్రత్తగా పరిశీలించడం అవసరం.