శిథిలాలు – కెమెరా – మనం

"పాడుబడ్డ గోడల్లో ఏముందని అంత దూరం పోతారు?" అని మా ఇంట్లో అడిగారు, మీ ఇంట్లోనూ అడిగే ఉంటారు. ఇది కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. చెక్కుచెదరని మేడను చూసి "బాగుంది" అనుకుని సాగిపోయే మనిషి, పైకప్పు లేని మంటపం ముందు గంటసేపు ఎందుకు నిలబడతాడు? ఫోటో తీసుకోనిదే ఎందుకు కదలడు? హంపీని ఉదాహరణగా తీసుకుని, చరిత్ర విద్యార్థిగా నాకు తోచిన జవాబు చెబుతాను. హంపీ కర్ణాటకలో ఉన్నా, ఆముక్తమాల్యద రాసిన రాయల రాజధాని గనుక తెలుగువాడికి పరాయి చోటు కాదు.

మొదటి కారణం, శిథిలం మన ఊహకు చోటిస్తుంది. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగరం దోపిడీకి గురై పాడుబడింది. రాజప్రాసాదాల పై భాగాలు కొయ్యతో కట్టినవి కావడంతో అవి పోయి, రాతి అరుగులూ మెట్లూ మిగిలాయి. మహర్నవమి దిబ్బ ఎక్కి చూస్తే పైన ఆకాశం తప్ప మరేమీ లేదు. 1520 ప్రాంతంలో ఇక్కడికొచ్చిన పోర్చుగీసు వాడు డొమింగో పేస్ ఆ ఉత్సవాల వైభవాన్ని రాసిపెట్టాడు. అది చదివి వెళ్లినవాడికి ఖాళీ దిబ్బ మీదనే ఏనుగులూ గుర్రాలూ కనిపిస్తాయి. చదవకుండా వెళ్లినవాడికి ఎండ తగులుతుంది, అంతే!

రెండో కారణం, శిథిలం ఒక పాఠం. నిండుగా ఉన్న భవనం తన కట్టుబడి రహస్యాన్ని సున్నం పూత కింద దాచుకుంటుంది. విరిగిన గోపురం దాచుకోలేదు. కింద రాయి, పైన బరువు తగ్గించే ఇటుక, దానిపై సున్నపు బొమ్మలు – అన్నీ పొరలు పొరలుగా బయటపడతాయి. అక్కడి బండరాళ్ల అంచున వరుసగా చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. అవి రాయిని చీల్చడానికి మేకులు దిగగొట్టిన గుర్తులు. ఇంజనీరింగు చదివే మిత్రులు ఒక పూట అక్కడ గడిపితే చాలా నేర్చుకోవచ్చు.

ఇక కెమెరా సంగతి. మద్రాసు సైన్యంలో పనిచేసిన అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే అధికారి 1856లో హంపీని కాగితపు నెగటివుల మీద ఫోటోలు తీశాడు. విఠలాలయంలోని రాతిరథం ఫోటో వాటిలో ఒకటి. దాని నెత్తిన ఇటుక శిఖరం స్పష్టంగా కనబడుతుంది. ఇవాళ అది లేదు. 2017లో వచ్చిన యాభై రూపాయల నోటు మీద ఉన్నదీ శిఖరం పోయిన రథమే! 1983లో జాన్ గోలింగ్స్ అనే ఆస్ట్రేలియా ఫోటోగ్రాఫరు గ్రీన్‌లా నిలబడ్డ తావులే వెతికి, అవే దృశ్యాలు మళ్లీ తీశాడు. రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే, పోయిందేదో మిగిలిందేదో తేలిపోతుంది. కనుక మనం సరదాకి తీసిన ఫోటో కూడా రేపటికి సాక్ష్యం కావచ్చు.

అయితే ఈ మోజులో ఒక చిక్కుంది. ఫోటోలో మనుషులు అడ్డు రాకూడదని, శిథిలం నిర్మానుష్యంగా ఉంటేనే అందమని అనుకుంటాం. కాని హంపీ ఏనాడూ పూర్తిగా నిర్మానుష్యం కాలేదు. విరూపాక్షుని గుడిలో నేటికీ పూజలు జరుగుతున్నాయి. గుడి ఎదుటి బజారు మంటపాల్లో కుటుంబాలు కాపురముండేవి, దుకాణాలు నడిపేవి. 2011 జూలైలో వారిని ఖాళీ చేయించి, వారి కట్టడాలు కూల్చేశారు. మంటపాలను కాపాడవలసిందే, కాదనను. కాని యాత్రికుడికి టీ పోసి, దారి చూపి, ఆ చోటును బ్రతికించిన మనిషి గూడు చెదిరితే, అది మన ఫోటో అందానికి చెల్లించిన వెలలో భాగం కాదా? ఆలోచించండి.

మరో రకం వాళ్లున్నారు. 2019లో హంపీలో కొందరు యువకులు నిలబడివున్న రాతి స్తంభాన్ని పడదోశారు. ఆ దృశ్యం వీడియోగా ఊరంతా తిరిగింది. కోర్టు వారికి జరిమానా వేసి, స్తంభాలను వారిచేతనే తిరిగి నిలబెట్టించింది. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చని 2010లో సవరించిన చట్టం చెబుతోంది. అయినా చట్టానికి భయపడి కాదు, సిగ్గుపడి మానుకోవలసిన పని ఇది.

మిత్రులారా! వచ్చే సెలవుల్లో వెళ్లేవారికి నాలుగు మాటలు. ఉదయం గానీ సాయంత్రం గానీ తీయండి. ఏటవాలు వెలుగులో చెక్కడం లోతు తెలుస్తుంది. ఒక్క ఫోటోలోనైనా పక్కన మనిషిని నిలబెట్టండి. కట్టడం ఎత్తు తెలుస్తుంది. తీసిన చోటు, తేదీ, ఏ దిక్కునుంచి తీశారో రాసిపెట్టుకోండి. గోడలెక్కకండి, పేర్లు చెక్కకండి.

హంపీ దాకా పోలేనివారు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. మన ఊళ్ల పొలిమేరల్లో ఎవరూ పట్టించుకోని బురుజులు, మెట్ల బావులు, కూలిన సత్రాలు ఎన్ని లేవు! వాటికి గ్రీన్‌లా రాలేదు. ఆ పని మనమే చేయాలి, వచ్చే వానకి మరో వరుస రాలిపోకముందే.