పార్కు గేటు ముందున్న ఊరు ఎవరి బాధ్యత?

జాతీయ పార్కు అనగానే పోటీ పరీక్షల అభ్యర్థులు వన్యప్రాణి సంరక్షణ చట్టం–1972, సెక్షన్ 35 దగ్గరే ఆగిపోతారు. గేటు బయటి ఊరు స్థానిక పాలనలోని అంశం: 74వ సవరణ–1992, అధికరణ 243డబ్ల్యూ, 12వ షెడ్యూల్, 18 అంశాలు. వాటిలో 12వది పార్కులు, ఉద్యానాలు, ఆటస్థలాలు. 17వది వీధిదీపాలు, పార్కింగ్, బస్టాపులు, మరుగుదొడ్లు (తప్పక గుర్తుంచుకోండి). కాబట్టి 1936లో హెయిలీ పేరుతో ఏర్పడిన మన తొలి జాతీయ పార్కు కార్బెట్‌కు ముఖద్వారమైన రామ్‌నగర్‌లో బస్టాపు, వీధిదీపం పురపాలక సంఘం చూడాల్సినవి. అటవీశాఖ దయ కోసం ఎదురుచూడాల్సినవి కావు.

సౌకర్యాలు పెంచితే రద్దీ పెరిగి అడవికే చేటని కొందరి అభ్యంతరం. అమెరికాలోని యూటా రాష్ట్రంలో జయాన్ పార్కు (1919) అనుభవం వేరు. అక్కడ 2000లో షటిల్ బస్సులు మొదలయ్యాయి. స్ప్రింగ్‌డేల్‌లో కారు ఆపి, ఊరి స్టాపులో బస్సెక్కి, చివర దిగి, నది మీది వంతెన నడిచి దాటి పార్కులోకి వెళ్తారు. షటిల్ సీజన్‌లో లోయ రోడ్డు మీద ప్రైవేటు కార్లకు ప్రవేశం లేదు. జనం రాక ఆగలేదు, నిజమే. కార్ల భారం మాత్రం తగ్గింది. పార్కు చుట్టూ ఉండే ఎకో సెన్సిటివ్ జోన్ అడ్డొస్తుందంటారా? దానికి ఆధారం పర్యావరణ పరిరక్షణ చట్టం–1986. కనీసం 1 కి.మీ. జోన్ ఉండాలన్న 2022 జూన్ 3 ఆదేశాన్ని సుప్రీంకోర్టే 2023 ఏప్రిల్ 26న సవరించింది. రిసార్టుకు పెట్టే ఆంక్షను బెంచీకీ, మరుగుదొడ్డికీ చూపడం సమంజసం కాదు. ఊరు గ్రామపంచాయతీ అయితే 73వ సవరణ, 243జి, 11వ షెడ్యూల్, 29 అంశాలు: జతపరిచే ప్రశ్నకు అవకాశం ఎక్కువ.