సంతకం పెట్టే ముందు, పెట్టాక: బరంపురం ఇళ్ళకూ కొట్లకూ కొన్ని చిట్కాలు

బరంపురంలో చాలా తెలుగిళ్ళు చిన్న వ్యాపారం మీద నడుస్తున్నాయి. అప్పడాలు, వడియాలు, ఊరగాయలు చేసి కొట్లకు వేసేవారు, మగ్గం మీద పట్టు నేసేవారు, చీరల కొట్టు, కిరాణా కొట్టు, టెంటు సామాను అద్దెకిచ్చేవారు. వీటిలో ఎక్కువ భాగం నోటిమాట మీదే సాగుతుంది. అందులో తప్పు లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం నోటిమాట ఒప్పందం కూడా చెల్లుతుంది. చిక్కంతా రుజువు దగ్గర వస్తుంది. న్యాయం తమవైపే ఉన్నా, చేతిలో కాగితం లేకనో, గడువు దాటిపోయో డబ్బు వదులుకున్నవాళ్ళు మన చుట్టూ ఎందరో ఉన్నారు. అందుకే ఈ చిట్కాలు.

1. చదవలేని కాగితం మీద సంతకం చెయ్యకండి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మన గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఇప్పుడు మన చేతికొచ్చే కాగితాలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. ఒడియా ధారాళంగా మాట్లాడినా చదవడం రాని పెద్దవాళ్ళు మన ఇళ్ళలో ఉన్నారు. బడిలో ఒడియా నేర్చుకుంటున్న మనవడి చేతనో మనవరాలి చేతనో ముందు చదివించుకోండి. ‘తెలుగులో చదివి వినిపించారు, అర్థమైంది’ అని కింద రాయించి, వినిపించినవారి సంతకం కూడా పెట్టించండి. చదవకుండా సంతకం చేసి, తరవాత ‘నాకు తెలియదండీ’ అంటే కోర్టులో నిలబడడం చాలా కష్టం. తెలుగులో సంతకం చేస్తే చెల్లదని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి. ఏ లిపిలో చేసినా సంతకం సంతకమే.

బ్యాంకు అప్పైనా, ఫైనాన్సు కంపెనీ అప్పైనా ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ అడగండి. సొంత అవసరాల అప్పులకూ, చిన్న పరిశ్రమల టర్మ్ లోన్లకూ 2024 అక్టోబరు 1 నుంచి దీన్ని తప్పనిసరిగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. అదీ అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. వడ్డీతో పాటు మిగతా ఖర్చులన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో అందులో కనిపిస్తుంది. అందులో లేని రుసుము ఏదీ మీ ఒప్పుకోలు లేకుండా తరవాత వసూలు చెయ్యకూడదు. ఏడు రోజులు, ఆపై గడువున్న అప్పయితే ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు మీకుంటాయి. ‘ఇవాళే సంతకం పెట్టాలి’ అని తొందర పెడితే ఈ నిబంధన గుర్తు చెయ్యండి.

2. సంతకం చేసిన చోటే నకలు తీసుకోండి.

‘రేపు పంపిస్తాం’ అన్న నకలు రాదు. కనీసం ప్రతి పేజీనీ ఫోనులో ఫొటో తీసుకుని ఇంట్లో మరొకరికి కూడా పంపి ఉంచండి.

3. సరుకు వేసిన ప్రతిసారీ అందినట్టు రాయించుకోండి.

అప్పడాలు చేసే ఆడవాళ్ళు కొట్టువాడి పుస్తకంలో రాయించి ఊరుకుంటారు. ఆ పుస్తకం ఆయన దగ్గరే ఉంటుంది. మీ దగ్గర కూడా ఓ నోటు పుస్తకం ఉండాలి. అందులో ఇంత రాస్తే చాలు:

‘తేదీ 12-6-2025. మినప అప్పడాలు 40 ప్యాకెట్లు, ప్యాకెట్ 60 రూపాయలు, మొత్తం 2,400 రూపాయలు. సరుకు చూసుకున్నాం, అందింది. 15 రోజుల్లో డబ్బు ఇస్తాం.’

కింద కొట్టువారి సంతకం, వీలైతే ముద్ర. ‘చూసుకున్నాం’ అన్న మాట వదలకండి. నెల పోయాక ‘సగం విరిగిపోయి వచ్చాయమ్మా’ అనే వాదనకు అదే జవాబు. సంతకం అడగడానికి మొహమాటమైతే, ఇదే సంగతి వాట్సాప్‌లో పంపి ‘సరే’ అని జవాబు తెప్పించుకోండి. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కింద ఫోను సందేశాలు కూడా సాక్ష్యమే. దానికో ధ్రువపత్రం జతచెయ్యాలి, అది వకీలు చూసుకుంటారు. మీరు చెయ్యాల్సిందల్లా ఆ సందేశాలు చెరిపెయ్యకుండా ఉంచడం.

4. ఉద్యం నమోదు చేయించుకోండి. పెద్ద కొట్టు మీ డబ్బు తొక్కిపెడితే అదే పనికొస్తుంది.

2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం చాలామందికి తెలియని మేలు ఒకటి చేసింది. సూక్ష్మ, చిన్న సంస్థ దగ్గర సరుకు తీసుకున్నవారు రాతకోతలు లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. రాతపూర్వకంగా గడువు పెట్టుకున్నా అది 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఒప్పందంలో వేరేలా రాసుకున్నా ఈ వడ్డీ తప్పదు. ఫిర్యాదు ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళుతుంది. దాన్ని ఆన్‌లైన్‌లో ఇంటి నుంచే వెయ్యవచ్చు.

ఈ రక్షణ సరుకు తయారుచేసేవారికీ సేవలందించేవారికీ వర్తిస్తుంది. కొని అమ్మే కొట్లకు వర్తించదు. ఈ చట్టం కింద చిన్న సంస్థగా గుర్తింపునిచ్చే ఉద్యం నమోదు ఆధార్ నంబరుతో, పూర్తిగా ఉచితం. డబ్బడిగే ఏజెంట్లకు ఒక్క రూపాయి ఇవ్వకండి. బాకీ పడ్డాక పరుగెత్తకుండా, సరుకు వెయ్యకముందే చేయించుకోండి.

5. ప్రోనోటుకు మూడేళ్ళు దాటనివ్వకండి.

అడిగినప్పుడు ఇస్తానని రాసిన ప్రోనోటుకు, రాసిన తేదీ నుంచి మూడేళ్ళకు కాలదోషం పడుతుంది. గడువు చెప్పకుండా అరువిచ్చిన సరుకు బాకీకి కూడా సరుకు ఇచ్చిన రోజు నుంచి మూడేళ్ళే. మధ్యలో కొంత సొమ్ము కట్టినప్పుడు నోటు వెనక చెల్లు రాస్తే గడువు మళ్ళీ మొదటి నుంచి లెక్క. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఆ చెల్లు అప్పిచ్చినవారు తమ చేత్తో రాసుకుంటే పనికిరాదు. కట్టినవారు స్వయంగా రాయాలి, లేదా దాని కింద సంతకమైనా చెయ్యాలి. అదీ మూడేళ్ళలోపే జరగాలి.

రెవెన్యూ స్టాంపు లేని ప్రోనోటును కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. మామూలు దస్తావేజు మీద లోటు స్టాంపుకు జరిమానా కట్టి గట్టెక్కవచ్చు. ప్రోనోటుకు ఆ దారి కూడా లేదు.

6. ఖాళీ చెక్కు ఇవ్వకండి.

సంతకం చేసిన ఖాళీ చెక్కు మీద అంకె ఇంకొకరు వేసినా, అది బాకీ కిందే ఇచ్చారని కోర్టు మొదట అనుకుంటుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కాదని నిరూపించుకునే భారం మీ మీద పడుతుంది. ‘హామీగా ఉంచుకుంటాం’ అని పట్టుబడితే చెక్కు మీద మొత్తం, తేదీ, పేరు మీరే రాసి, దేనికిచ్చారో వేరే కాగితం మీద రాయించుకోండి.

మీకొచ్చిన చెక్కు తిరిగొస్తే లెక్క ఇది: బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు, వారికి 15 రోజుల గడువు, అది దాటిన నెలలోపు కోర్టులో ఫిర్యాదు. ‘వచ్చేవారం ఇచ్చేస్తా’ అంటూ వాళ్ళు మిమ్మల్ని దాటించేది ఈ 30 రోజులనే. మంచిగా మాట్లాడుతూనే నోటీసు పంపండి.

7. హామీ సంతకం అంటే అప్పు మీదే.

కుటుంబాలు కూలిపోయేది ఎక్కువగా ఈ సంతకం దగ్గరే అని నా నమ్మకం. మావయ్యగారు అడిగారనో, పక్క కొట్టు అన్నయ్య ముఖం చూసో పూచీ పడతాం. ‘ఊరికే సాక్షి సంతకంలాంటిది’ అంటారు. కాదు. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం అప్పు తీసుకున్నవారి బాధ్యత ఎంతో, హామీదారు బాధ్యతా అంతే. ముందు అసలు బాకీదారు ఆస్తి మీదికి వెళ్ళి, రాకపోతేనే మీ దగ్గరికి రావాలన్న నియమం ఏమీ లేదు. నేరుగా మీ జీతం మీదికి, మీ కొట్టు మీదికి రావచ్చు.

కాదనలేని పరిస్థితి ఉంటే కొన్ని జాగ్రత్తలున్నాయి. ఎంత మొత్తానికి హామీయో అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించండి. ఆ తరవాత పెరిగే అప్పుకు పూచీ లేదని కూడా రాయించండి. అప్పు షరతులు మీకు చెప్పకుండా మార్చితే, ఆ మార్పు తరవాత జరిగిన లావాదేవీలకు మీ హామీ నిలవదని 133వ సెక్షన్ అంటుంది. అయితే బ్యాంకుల ఫారాల్లో ఆ హక్కు వదులుకుంటున్నట్టు ముందే అచ్చువేసి ఉంటుంది, ఆ వాక్యం వెతికి చదవండి. మీరే కట్టాల్సి వస్తే ఆ సొమ్ము అసలు బాకీదారు నుంచి రాబట్టుకునే హక్కు మీకుంది. కట్టిన ప్రతి రసీదూ దాచండి. ఇంట్లో భార్యాభర్తలు ఒకరికొకరు చెప్పకుండా హామీ సంతకం చెయ్యవద్దని నా విన్నపం.

8. కొట్టు అద్దెకు తీసుకుంటే 11 నెలల కాగితం ఎందుకో తెలుసుకోండి.

ఏడాది దాటే అద్దె ఒప్పందానికి రిజిస్ట్రేషను కావాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికే 11 నెలలు రాస్తారు. తప్పు కాదు గానీ, కొట్టులో అల్మారాలు, లైట్లు, రంగులు అంటూ లక్షలు పెట్టేవారికి 11 నెలల కాగితం చాలదు. అయిదేళ్ళకు రాయించి రిజిస్టరు చేయించుకోవడమే మేలు. అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసిన ఎన్ని రోజులకు తిరిగిస్తారు, దేనికి కోత వేస్తారు, ఈ మూడూ తప్పక ఉండాలి.

9. స్టాంపు పేపరుకు ఆరునెలల గడువు లేదు.

పాత స్టాంపు పేపరు మీద రాస్తే చెల్లదన్నది అపోహ. వాడని స్టాంపు వాపసిచ్చి డబ్బు తీసుకోవడానికి ఆరునెలల గడువుంది, అంతే. 2008లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. మన సరిహద్దు ఊళ్ళకు ఇంకో జాగ్రత్త: బరంపురంలో సంతకం చేస్తే ఒడిశా స్టాంపు, ఇచ్ఛాపురంలో చేస్తే ఆంధ్ర స్టాంపు.

10. నోటితో చెప్పిన గుణం బిల్లు మీద రాయించండి.

బరంపురం పట్టు చీరకూ, మగవారు కట్టే జోడకూ 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరుకున్న గౌరవం చూసే పెళ్ళిళ్ళకు దూరం నుంచి వచ్చి కొంటారు. కొనేటప్పుడు ‘స్వచ్ఛమైన పట్టు, చేనేత’ అని బిల్లులో రాయమనండి. సిల్క్ మార్క్ చీటీ ఉందేమో చూడండి. ఆ మాట రాయడానికి ఒప్పుకోని కొట్టు దగ్గర ఆ ధర పెట్టవద్దు. మనం అమ్మేవాళ్ళమైతే, నిజంగా పట్టైన చీరకు అలా రాసివ్వడం మన నేతగాళ్ళకే మేలు.

బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అక్రమ వ్యాపార పద్ధతి. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న బోర్డు లోపమున్న సరుకుకు వర్తించదు. బిల్లులో గడువు రాసి ఉంటే ఆలోగా, రాయకపోతే 30 రోజుల్లోగా లోపమున్న సరుకు వెనక్కి తీసుకుని డబ్బివ్వాలి.

11. బతుకుతెరువుకు కొన్న యంత్రం పాడైనా మీరు వినియోగదారులే.

‘వ్యాపారానికి కొన్నారు కాబట్టి ఫిర్యాదు కుదరదు’ అని కంపెనీలు అంటాయి. కేవలం స్వయం ఉపాధి కోసం, తన చేతిమీద నడుపుకోవడానికి కొన్న కుట్టుమిషను, పిండి గ్రైండరు, మగ్గం ఆ మినహాయింపు కిందికి రావు.

కట్టిన ధర 50 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాలి. గంజాం జిల్లా కేంద్రం ఛత్రపురమైనా కమిషన్ బరంపురంలోనే ఉంది. 5 లక్షల దాకా ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్ళు. కొన్న ఊళ్ళోనే వెయ్యాలన్న పాత ఇబ్బంది ఇప్పుడు లేదు. బరంపురంలో చీర కొన్న ఇచ్ఛాపురం మనిషి శ్రీకాకుళం జిల్లా కమిషన్‌లో వెయ్యవచ్చు. సూరత్‌లో పనిచేసుకుంటున్న మన గంజాం కుర్రాడు అక్కడే వెయ్యవచ్చు. అంతకుముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి చూడండి, చాలా తగాదాలు అక్కడే తేలిపోతాయి.

12. సంతకం చేసినా ఒకవైపు షరతులను ప్రశ్నించవచ్చు.

మితిమీరిన అడ్వాన్సు, జరిగిన నష్టానికి పొంతనలేని జరిమానా, ముందే తీర్చేస్తామన్నా అప్పు కట్టించుకోకపోవడం, కారణం లేకుండా ఒకవైపే రద్దు చేసుకోవడం, ఇవన్నీ అన్యాయపు ఒప్పందాల కింద వినియోగదారుల రక్షణ చట్టంలో ఉన్నాయి. సొమ్ము చిన్నదైనా ఈ ఫిర్యాదు కటక్‌లోని రాష్ట్ర కమిషన్‌కే వెయ్యాలి. ఆన్‌లైన్‌లో వెయ్యవచ్చు, వీడియోలో హాజరు కావడానికి అనుమతి కోరవచ్చు.

కల్యాణ మండపాలు, టెంట్లు ఉదాహరణగా తీసుకోండి. పెళ్ళి వాయిదా పడితే ‘అడ్వాన్సు తిరిగి రాదు’ అంటారు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో రాసిన జరిమానా గరిష్ఠ పరిమితి మాత్రమే. ఆ లోపల న్యాయమైన పరిహారమే దక్కుతుంది. అదే రోజుకు మండపం ఇంకొకరికి ఇచ్చుకుంటే నష్టమేమిటో వాళ్ళు చెప్పాలి. బుకింగ్ రోజే ‘ఇన్ని రోజుల ముందు చెబితే ఇంత తిరిగిస్తాం’ అని రాయించుకుంటే గొడవే ఉండదు.

13. డబ్బులేదని, భాష రాదని ఊరుకోకండి.

ఆడవారికీ, దళితులకూ, గిరిజనులకూ, దివ్యాంగులకూ ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. బరంపురంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, న్యాయసహాయ హెల్ప్‌లైన్ నంబరు 15100. లోక్ అదాలత్‌లో రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు కూడా తిరిగొస్తుంది. ప్రభుత్వ అధికారులకు పెట్టే అర్జీ కేంద్రంలోనో రాష్ట్రంలోనో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా రాసే హక్కు రాజ్యాంగం 350వ అధికరణ ఇచ్చింది. అర్జీ తెలుగులో రాసి, పని త్వరగా కదలడానికి ఒడియా అనువాదం జతచెయ్యండి. చెక్కు తిరిగొచ్చిందనో, బాకీ పాతబడిందనో దిగులు పడుతున్నవారు పండగ వెళ్ళాక చూద్దామనుకోకుండా ఈ వారమే కాగితాలు పట్టుకుని వెళ్ళండి.