ఇంటిలోనే పుణ్యసాధన

దివ్యబలిపూజలో శాంతి సమాధానములు పంచుకొని, ఇల్లు చేరగానే కసరుకొనేవారం మనలో ఎందరమో! మన గుణం బయటపడేది ఇంటిలోనే.

ఫ్రాన్సులోని లిసియో మఠంలో పునీత చిన్న తెరేజమ్మ బట్టలు ఉతికేటప్పుడు, ఎదుటనున్న మఠకన్య వల్ల మురికినీళ్లు ఆమె ముఖంపై చిందేవి. ఆమె వెనుకకు జరగలేదు, ముఖం తుడుచుకోలేదు. ఆ తుంపరలనే ప్రభువుకు కానుక చేసింది. 24 ఏళ్లకే, 1897లో మరణించిన ఈమెను 1997లో రెండవ జాన్ పౌలు పోపుగారు శ్రీసభ పండితురాలిగా ప్రకటించారు.

కొట్టినా, అన్యాయం చేసినా ఊరకుండమని దీని అర్థం కాదు. అత్తగారి సణుగుడు, పొరుగువారి రేడియో మోత వంటి చిన్న చిరాకులే మనకు ఆ మురికినీళ్లు. ఈ వారం మిమ్ము విసిగించే ఒక్కరికోసం మంగళవార్త జపం చెప్పి, ముందుగా మీరే పలకరించండి.