అక్కడ మనవాళ్ళు ఎంతమంది?

ఇంటర్ అయ్యాక అమెరికాలో డిగ్రీ గురించి కనుక్కోవడానికి నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు ఫీజు తర్వాత తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. ‘అక్కడ మనవాళ్ళు ఎంతమంది ఉన్నారండీ?’ మొన్న నల్గొండ నుంచి వచ్చిన ఒక తండ్రి కూడా అదే అడిగారు. కూతురు గురుకులంలో ఇంటర్ రెండో సంవత్సరం. ఆ అమ్మాయి తన ఫోన్‌లో ఒక చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీ ఫొటో చూపించింది. పచ్చిక మీద ఐదుగురు కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరిదీ ఒక్కో ఛాయ, అందరి ఒళ్ళోనూ పుస్తకాలు. ‘ఫొటోలో అందరూ ఉన్నారు సార్. నిజంగా కూడా ఇలాగే ఉంటుందా?’ అంది.

తండ్రి అడిగిందీ, కూతురు అడిగిందీ నిజానికి ఒకే సంగతి. అయితే దాన్ని ఇంకాస్త వివరంగా అడగడం తెలియాలి.

లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అంటే చాలావరకు డిగ్రీ మాత్రమే చెప్పే చిన్న కాలేజీ. మొత్తం విద్యార్థులు పదిహేను వందలో, రెండు వేలో. చేరిన రోజే బ్రాంచి తేల్చుకోనక్కర్లేదు, రెండో ఏడాది ముగిసేలోగా మేజర్ చెబితే చాలు. ఎంఎస్‌కి వెళ్ళిన మన పిల్లలకు పెద్ద యూనివర్సిటీల్లో తెలుగు రూమ్మేట్లు దొరుకుతారు, వంతులవారీ వంట నడుస్తుంది, ఉగాదికి పచ్చడి కూడా ఉంటుంది. చిన్న కాలేజీలో ఆ ఏర్పాటు ఆశించలేం. పదిహేను మంది బల్ల చుట్టూ కూర్చుని చర్చించే క్లాసు అది. పక్కన కూర్చున్నది ఎవరో, వాళ్ళ ఇంట్లో ఏం మాట్లాడుకుంటారో తెలియడం కూడా అక్కడ చదువులో భాగమే. ర్యాంకులను బట్టి సెక్షన్లు విడగొట్టి, ఒకేలా చదివే పిల్లల్ని ఒకే గదిలో కూర్చోబెట్టే మన ఇంటర్ పద్ధతికి ఇది పూర్తిగా భిన్నం. అందుకే కాలేజీ ఎంచుకునేటప్పుడు ర్యాంకింగ్ కంటే ముందు ఈ సంగతి చూడమంటాను.

చూడటం ఎలా? ఫొటోలు పక్కన పెట్టండి. కాలేజీ పేరు పక్కన ‘కామన్ డేటా సెట్’ అని కొట్టి వెతకండి. చాలా కాలేజీలు ఏటా ఆ పత్రాన్ని తమ వెబ్‌సైట్‌లో పెడతాయి. అందులో బీ2 అనే పట్టికలో ఏ వర్గం విద్యార్థులు ఎంతమందో ఉంటుంది. ఇక్కడ మనవాళ్ళు తరచూ పొరబడతారు. భారత పాస్‌పోర్టుతో ఎఫ్-1 వీసా మీద వెళ్ళే విద్యార్థిని ‘ఏషియన్’ వరుసలో లెక్కించరు, ‘నాన్‌రెసిడెంట్’ వరుసలో లెక్కిస్తారు. న్యూజెర్సీలో పుట్టిపెరిగిన తెలుగు పిల్లలు మాత్రం ఏషియన్ వరుసలోకి వస్తారు. కాబట్టి ఏషియన్ శాతం బాగుందని మురిసిపోవద్దు. నాన్‌రెసిడెంట్ల వాటా ఎక్కడైనా శాతంలో కనిపిస్తే దాన్ని మనుషుల్లోకి మార్చి చూడండి. పదిహేను వందల మందిలో 4 శాతమంటే 60 మంది. నాలుగేళ్లకు పంచితే మీ బ్యాచ్‌లో 15 మంది. అదే పత్రంలో హెచ్6 దగ్గర ఆ కాలేజీ విదేశీ విద్యార్థుల్లో ఎంతమందికి, సగటున ఎంత సాయం ఇచ్చిందో ఉంటుంది. మధ్యతరగతి కుటుంబం అన్నిటికంటే ముందు చూడాల్సిన అంకె అదే.

ఒక్క ఏడాది పత్రంతో సరిపెట్టుకోవద్దు. అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని 2023 జూన్‌లో అమెరికా సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చాక, 2024లో ఆమ్‌హర్స్ట్ కాలేజీ కొత్త బ్యాచ్‌లో నల్లజాతి విద్యార్థుల వాటా 11 శాతం నుంచి 3 శాతానికి పడిపోయింది. విదేశీ విద్యార్థుల విషయంలోనూ కట్టగలిగే స్తోమత చూడకుండా సీటిచ్చే అతి కొద్ది కాలేజీల్లో ఒకటైన చోటే ఇలా జరిగింది.

ఆ అమ్మాయిని నేను చూడమన్నది కెంటకీ రాష్ట్రంలోని బెరియా కాలేజీ. దాని కథ కాస్త వివరంగా చెప్పాలి. బానిసత్వాన్ని వ్యతిరేకించిన జాన్ ఫీ అనే పాస్టర్ 1855లో ఒకే గదిలో బడి పెట్టారు. 1859లో అక్కడివాళ్ళు ఆయన్నీ, తోటివాళ్ళనీ ఊళ్ళోంచి వెళ్ళగొట్టారు. అంతర్యుద్ధం ముగిశాక తిరిగొచ్చి మళ్ళీ తెరిచారు. 1866లో అక్కడ 187 మంది చదివితే, 96 మంది నల్లవాళ్ళు, 91 మంది తెల్లవాళ్ళు. నిన్నమొన్నటి దాకా బానిసత్వం ఉన్న రాష్ట్రంలో, ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకే బడిలో చదివారు. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి చదవడాన్ని 1904లో రాష్ట్ర శాసనసభ నిషేధించింది. డే చట్టం అంటారు. కాలేజీ సుప్రీం కోర్టు దాకా పోరాడి 1908లో ఓడిపోయింది. అమెరికాలో నల్లజాతి చరిత్ర అధ్యయనానికి ఆద్యుడిగా చెప్పుకునే కార్టర్ జి. వుడ్సన్ ఆ కాలేజీలో డిగ్రీ పూర్తిచేసింది 1903లో. ఇంకొక్క ఏడాది ఆలస్యమైతే గేటు మూసుకుపోయేది. మళ్ళీ నల్లజాతి పిల్లలు అక్కడ అడుగుపెట్టడానికి 1950లో చట్టాన్ని సవరించాల్సి వచ్చింది.

ఇప్పుడు అక్కడ ట్యూషన్ ఫీజు ఎవరూ కట్టరు. డబ్బున్నవాళ్ళకు సీటే ఇవ్వరు, అవసరం ఉన్నవాళ్ళకే ఇస్తారు. చేరిన ప్రతి ఒక్కరూ వారానికి కనీసం పది గంటలు కాలేజీలో పనిచేయాలి. లైబ్రరీలో కావచ్చు, కంప్యూటర్ల దగ్గర కావచ్చు, తోటలో కావచ్చు. చీపుర్లు కట్టే వర్క్‌షాప్ కూడా ఒకటుంది, 1920 నుంచి నడుస్తోంది. మన జొన్న జాతికే చెందిన మొక్క కంకుల పుల్లల్ని కర్ర చుట్టూ పేర్చి, బిగించి, వెడల్పుగా కుడతారు. అపలాచియన్ కొండల్లోంచి వచ్చిన తెల్ల కుర్రాడూ, ఆఫ్రికా నుంచి వచ్చిన అమ్మాయీ అక్కడ పక్కపక్కన నిలబడి పనిచేయవచ్చు. చాలా సంపన్న కాలేజీల్లో రంగులు కలుస్తాయి గానీ సెలవులు వచ్చేసరికి ఒకరు మంచు కొండల్లో స్కీయింగ్‌కు వెళ్తారు, ఇంకొకరు ఖాళీ హాస్టల్లో మిగిలిపోతారు. బెరియాలో ఆ తేడాకు చోటు తక్కువ. అసలు కలయిక అక్కడే మొదలవుతుందని నా నమ్మకం.

కష్టాలు దాచను. విదేశీయులకు ఏటా ఉండే సీట్లు ముప్పై ప్రాంతంలోనే, పోటీ ప్రపంచమంతటి నుంచి. ఊరు చిన్నది. తెలుగు మాట వినకుండా నెలలు గడవచ్చు. అందుకే ఏ కాలేజీకైనా మెయిల్ పెట్టేటప్పుడు అడగండి: శీతాకాలం సెలవుల్లో హాస్టల్ తెరిచి ఉంటుందా, మెస్ నడుస్తుందా? విదేశీ విద్యార్థుల బాగోగులు చూసేందుకు విడిగా ఎవరైనా ఉన్నారా? దక్షిణాసియా విద్యార్థి ఒకరితో మాట్లాడించగలరా? జవాబు ఎంత ఓపిగ్గా వచ్చిందో చూస్తే ఆ చోటు సంగతి చాలావరకు తెలిసిపోతుంది. మన శ్రీసిటీలోని క్రియా యూనివర్సిటీ లాంటి చోట చేరేవాళ్ళూ ఇలాంటివి అడగవచ్చు.

ఇక అప్లికేషన్‌తో పంపాల్సిన వ్యాసం. ‘మా కాలేజీకి మీరు ఏం తెస్తారు?’ అని ఏదో ఒక రూపంలో అడుగుతారు. ఆ అమ్మాయి మొదట భారతీయ సంస్కృతి గొప్పదనం, పండుగలు, యోగా రాసుకొచ్చింది. కొట్టేయమన్నాను. గురుకులం హాస్టల్ గురించి చెప్పమంటే నోరు విప్పింది. గదిలో పద్దెనిమిది మంది. తెల్లవారుజామున నాలుగున్నరకు బకెట్ల వరుస. చివర మిగిలేది ఎప్పుడూ ఆదిలాబాద్ నుంచి వచ్చిన గోండు పిల్ల. తెలుగు సరిగ్గా రాక ఆ పిల్ల గొడవపడేది కాదు. ఒకరోజు ఈ అమ్మాయి తన బకెట్ వెనక్కి జరిపి ఆ పిల్ల బకెట్‌ను ముందుకు పెట్టింది. తర్వాత ఇద్దరూ ఒకే బెంచీ మీద లెక్కలు చేసుకున్నారు. ఈమెకు గోండీలో ఒకటి నుంచి పది దాకా అంకెలు వచ్చాయి.

‘ఇదంతా రాయొచ్చా సార్? ఇది చదువు కాదు కదా’ అంది. తండ్రి మాత్రం కూతురి వైపు చూస్తూ ఉండిపోయారు. ఈ సంగతి ఆయనకూ అప్పుడే తెలిసినట్టుంది. కాసేపటికి ‘రాయమ్మా’ అన్నారు. ఆ అమ్మాయి కొత్త పేజీ తిప్పి బకెట్ దగ్గర మొదలుపెట్టింది.