బల్ల, గట్టు, బ్యాంకు

చిరంజీవి మాధవికి,

నీ ఉత్తరం అందింది. డబ్బు దాచుకునే చోటునీ ఏటి ఒడ్డునీ ఇంగ్లీషువాళ్లు ‘బ్యాంక్’ అనే ఒక్క మాటతోనే ఎందుకంటారని అడిగావు. రెండర్థాలూ బట్టీ పట్టేసి ఊరుకోకుండా ఆగి అడిగావు చూడు, అది నాకెంతో నచ్చింది.

ముందు ఒడ్డు సంగతి. ఈ మాట స్కాండినేవియా నుంచి వెళ్లి ఇంగ్లండులో స్థిరపడినవాళ్ల భాషలోంచి వచ్చింది. నేల మీద ఎత్తుగా లేచిన మట్టికట్ట, దాని వాలు అని అర్థం. ఈ ఎత్తునీ వాలునీ కళ్లముందు పెట్టుకున్నావంటే సగం అర్థాలు వాటంతటవే తెలుస్తాయి. మబ్బులు గుట్టలా పేరుకుంటే క్లౌడ్ బ్యాంక్. పొయ్యిలో నిప్పు రాత్రంతా ఆరకుండా బొగ్గులు కుప్పగా ఎగదోసి నివురు కప్పడం కూడా బ్యాంక్ చేయడమే. మీ ఇంటర్ ఫిజిక్సులో ‘బ్యాంకింగ్ ఆఫ్ రోడ్స్’ ఉంటుంది కదా, మలుపులో రోడ్డు బయటి అంచును ఎత్తు చేసి లోపలికి వాలు పెట్టడం, అదీ ఇదే. విమానం ఒక రెక్క పైకెత్తి, ఒక రెక్క దించి తిరిగినా అదే మాట. రైల్వేవాళ్లకైతే బ్యాంక్ అంటే ఎగువదారి. ముంబై నుంచి హైదరాబాదు వైపు వచ్చే చాలా రైళ్లకు కర్జత్‌లో వెనక నుంచి ఇంజన్లు తగిలించి, భోర్ ఘాట్ మీదికి నెట్టించేవారు. ఆ ఇంజన్లను బ్యాంకర్లంటారు. వాటికీ డబ్బుకీ ఏ సంబంధమూ లేదు!

ఇక డబ్బు సంగతికి ఇటలీ వెళ్లాలి. మధ్యయుగాల్లో అక్కడ ఒక్కో నగరానిదీ ఒక్కో నాణెం. పరాయి ఊరి నుంచి వచ్చిన వర్తకుడు తన నాణేలు మార్చుకోవాలంటే, బల్ల వేసుకుని కూర్చున్న మారకందారు దగ్గరికి వెళ్లేవాడు. బల్లను వాళ్లు ‘బాంకా’, ‘బాంకో’ అంటారు. ఆ బల్ల పేరే వ్యాపారానికి స్థిరపడింది. ఫ్లోరెన్సులో మెదిచి కుటుంబం 1397లో బ్యాంకు పెట్టింది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వచ్చింది 1694లో. దివాలా తీయడాన్ని ఇటలీవాళ్లు ‘బాంకా రొత్తా’ అన్నారు, అంటే విరిగిన బల్ల. ఇంగ్లీషు ‘బ్యాంక్‌రప్ట్’ అందులోంచి పుట్టిందే. చేతులెత్తేసిన వ్యాపారి బల్లను నిజంగానే విరగ్గొట్టేవారని ఒక కథ ఉంది. దాన్ని కథగానే విను.

అసలు విశేషం ఇప్పుడు చెబుతాను. ఇటలీవాళ్ల ‘బాంకా’ వాళ్ల సొంత మాట కాదు, ఉత్తరాది జర్మానిక్ జాతుల నుంచి తీసుకున్నది. ఆ పాత మాటలోంచే ఇంగ్లీషు ‘బెంచ్’ వచ్చింది, ఏటి ఒడ్డు వచ్చింది. నువ్వు కాలేజీలో కూర్చునే బెంచీ, మీ నాన్న జీతం పడే బ్యాంకు, ఏటి గట్టు అన్నీ ఒకే తాత మనవలన్నమాట. ఒకటి తిన్నగా ఇంట్లోనే పెరిగింది, మరొకటి ఇటలీ, ఫ్రాన్సు తిరిగి ఇంటికొచ్చింది.

బ్లడ్ బ్యాంక్ మాత్రం నిన్నమొన్నటి మాట. 1937లో షికాగోలోని కుక్ కౌంటీ ఆసుపత్రిలో బెర్నార్డ్ ఫాంటస్ అనే వైద్యుడు పెట్టిన పేరది. రక్తం జమ చేసుకుని, అవసరమైనప్పుడు తీసి ఇస్తారు కాబట్టి ఆ పేరు చక్కగా అతికింది.

అయితే ఒక జాగ్రత్త. ఒకేలా వినిపించేవన్నీ చుట్టాలు కావు. ‘బార్క్’ అంటే కుక్క అరుపు, చెట్టు బెరడు కూడా. అరుపు పాత ఇంగ్లీషు మాట, బెరడు స్కాండినేవియా నుంచి వచ్చింది. పలుకుబడి కలిసిందే తప్ప పుట్టుక కలవలేదు. మంచి నిఘంటువులో ఇలాంటివాటిని విడివిడి పదాలుగా ఇచ్చి, పక్కన 1, 2 అని చిన్న అంకెలు వేస్తారు. అర్థం చదివే ముందు ఆ అంకె చూడు, తర్వాత చివరనుండే వ్యుత్పత్తి చదువు. చాలామంది అక్కడిదాకా వెళ్లరు. నువ్వు వెళ్లాలి.

ఈసారికి ‘బార్’ పట్టుకో. కిటికీ ఊచ, సబ్బు కడ్డీ, లాయర్ల బార్, మద్యం దుకాణం. ఇవన్నీ ఏ వస్తువు దగ్గర మొదలయ్యాయో వెతికి నాకు రాయి.

ఇట్లు,
మీ తాతయ్య